ఆవిడ ఒప్పుకున్న ఊరు

ఇంకో చలికాలం ఇక్కడ గడిపితే మీ ఆవిడ ఊపిరితిత్తులు తట్టుకోలేవని డాక్టరు చెప్పిన రోజున, వేడి మేస్త్రీ ఇంటికొస్తూనే గోడ మీది పటం దించి భోజనాల బల్ల మీద పరిచాడు. పటం కింది అంచున, సముద్రం వెంబడి, ఏడాది పొడవునా వెచ్చగా ఉండే ఊళ్లు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకటి ఎంచుకోవాలి. మళ్లీ మంచు పడేలోపు కాపురం అక్కడికి మార్చెయ్యాలి. చేతిలో ఉన్నవి ఎనిమిది నెలలు.

వేడి మేస్త్రీ అన్నది కాలనీ వాళ్లు పెట్టిన పేరు. నాలుగు పెద్ద భవనాల కింద ఒక బాయిలరు గది ఉంది. అక్కడ కాగిన నీళ్లు గొట్టాల్లోంచి ప్రతి ఇంటికీ వెళ్లి గదుల్ని వెచ్చబెడతాయి. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ బాయిలరుకు తల్లీ తండ్రీ ఆయనే. ఎవరి గది చల్లబడినా ఆఫీసుకు ఫోన్ చెయ్యరు, నేరుగా ఆయన తలుపు కొడతారు. ఆయన వెళ్లి గొట్టానికి చెయ్యి తిప్పి వేళ్ల వెనకవైపు ఆనించి, ఏ అంతస్తులో వాల్వు పట్టేసిందో అక్కడే నిలబడి చెప్పేస్తాడు. ఆ విద్య ఉందని కాస్త గర్వం కూడా ఉండేది. మనిషికి తనకొచ్చిన పని మీద ఆ మాత్రం గర్వం లేకపోతే ఇంకెందుకు?

ఆయన భార్య ఇరవై ఆరేళ్లు ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటరు దగ్గర కూర్చుంది. పేరేంటి, వయసెంత, ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి అని రోజుకి రెండొందల మందిని అడిగేది. భయంతో నోరు పెగలని వాళ్ల చేత కూడా రెండు నిమిషాల్లో అన్నీ చెప్పించేది. దమ్ము ఎక్కువయ్యాక ఆ ఉద్యోగం మానేసింది. చలి ఒక్కటే కాదు, మూసిన గదుల్లో గొట్టాల వేడికి ఎండిపోయే గాలి కూడా ఆవిడకి పడదన్నాడు డాక్టరు. ఆ మాట మేస్త్రీ గుండెల్లో ములుకులా దిగింది. ఆ వేడి పంపేది తనే కదా.

ఆ సాయంత్రం కూతురు వచ్చింది. ముగ్గురూ పటం మీదికి వంగారు. అక్కడ బాయిలర్లు ఉండవుగా, నువ్వేం చేస్తావు నాన్నా అని కూతురు అడిగింది. ఏముంది, చేతులు కట్టుకుని గట్టు మీద కూర్చుని అలలు లెక్కపెడతా, వారం తిరిగేసరికి పిచ్చెక్కి అందులోనే దూకుతా అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వు దగ్గులోకి మారితే కూతురు నీళ్లు తెచ్చిచ్చింది.

ఊరు ఎంచుకోవడంలో మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. ఫొటోలు నమ్మడు, ఒకళ్లు చెప్పింది అసలే నమ్మడు. వెళ్లి వారం రోజులు ఉండాలి. అద్దెకిచ్చే ఇళ్లన్నీ తిరిగి గోడలకు వేళ్ల వెనకవైపు ఆనించి చెమ్మ చూడాలి. మెట్లెన్ని, డాక్టరు ఎంత దూరం, వీధిలో ఎత్తు పల్లాలేమిటి, ఆవిడ ఎన్ని అడుగులకోసారి ఆగుతోంది, అన్నీ చూడాలి. మనిషి ప్రాణంతో పని కాబట్టి ఆ చాదస్తాన్ని తప్పుపట్టలేం.

మొదటి ఊరికి వసంతం చివర్లో వెళ్లారు. నేలంతా చదును. దొరికిన ఇల్లు కింది అంతస్తులోనే ఉంది, డాక్టరు పదిళ్ల అవతల ఉన్నాడు. మేస్త్రీ వెళ్లి చెయ్యి ఆనిస్తే గోడ పొడిగా, చంటిపిల్ల ఒళ్లులా వెచ్చగా తగిలింది. ఇంకేం, ఖాయం చేసేద్దామన్నాడు. ఆవిడ వద్దంది. సముద్రపు పక్షుల గోల భరించలేదట. పొద్దున ఓ అరగంట అరుస్తాయి, అంతే కదా అని ఎంత నచ్చచెప్పినా ససేమిరా అంది.

అక్కడే ఆవిడకి ఒక కొత్త అలవాటు మొదలైంది. మధ్యాహ్నం తిని ఆయన ఓ కునుకు తీసేవేళకి, కాస్త నడిచొస్తానని బయటికెళ్లేది. తిరిగొచ్చేసరికి పెదాలు నీలంగా మారి, మంచం అంచున కూర్చుని గాలి కోసం భుజాలు ఎగరేసేది. ఒంట్లో ఓపిక లేకపోయినా షికార్లకు తక్కువ లేదని ఆయన కసురుకునేవాడు. గాలి బాగుందండీ అనేది ఆవిడ. అంతకు మించి చెప్పేది కాదు.

రెండో ఊరు ఇంకా బాగుంది. నడివేసవిలో వెళ్లారు. మేడ మీది ఇల్లు, లిఫ్టు ఉంది, బాల్కనీలో నిలబడితే ఆసుపత్రి కనపడుతుంది. ఆవిడ మూడో రోజుకే మాటమధ్యలో ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగింది. మేస్త్రీ అది గమనించి బాత్రూంలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాడు. ఆ ఊరికీ ఆవిడ వంక పెట్టింది. పొద్దున్నే ఎండ కళ్లలో పడుతోందట! తెర కడదామన్నాడు. తెర కడితే ఉక్కపోస్తుందంది. తిరుగు రైల్లో సగం దారి ఆయన మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఇంటికొచ్చాక కూతురితో ఫోన్లో మొర పెట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు ఏ వంకా పెట్టకుండా నాతో కాపురం చేసిన మనిషి, ఇప్పుడు బంగారం లాంటి ఊళ్లకు వంకలు పెడుతోందే అన్నాడు. కూతురు నవ్వి, అమ్మకు ఊరు మారడం ఇష్టం లేదేమో అడిగి చూడు నాన్నా అంది. అడగడానికేముంది, అదంతా భయం, నాకు తెలీదా అన్నాడు.

మూడో ఊరు రేవు ఊరు. ఇంటి దగ్గర ఆకులు రాలడం మొదలయ్యాక వెళ్లారు. వెచ్చగా ఉందన్న మాటేగాని అదొక్కటి తప్ప ఇంకే మంచీ లేదు. వీధులన్నీ ఎగుడు. రేవులో ఆగే ఓడలకీ, గట్టు మీది హోటళ్లకీ దుప్పట్లు ఉతికే పెద్ద పెద్ద లాండ్రీలు సందు సందునా ఉన్నాయి. ఆ పొగా, ఆ సబ్బు వాసనా, ఎప్పుడూ ఆరని తడి సందులూ. బస చేసిన గది గోడకు ఆనించి తీస్తే మేస్త్రీ వేళ్లు తడిగా వచ్చాయి. మొదటి సాయంత్రమే ఆ ఊరి పేరు కొట్టేశాడు. గది వారానికి మాట్లాడుకున్నారు కాబట్టి ఉన్నారు, అంతే.

ఐదో రోజు మధ్యాహ్నం ఆవిడ నడక నుంచి వచ్చి, పావుగంట నోట మాట రాక కూర్చుంది. ఆయన మందు పీల్పించాడు, వీపు నిమిరాడు, తిట్టాడు. ఊపిరి అందాక ఆవిడ తలెత్తి చూసింది. పెళ్లయిన కొత్తలో చూసిన సంతోషం ఆ మొహంలో ఉంది.

"ఏవండీ, ఈ ఊరే. ఇక్కడే ఉండిపోదాం."

మేస్త్రీకి ముందు నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. బంగారంలాంటి రెండు ఊళ్లు కాదని, ఈ మురికి గుంటా? చెమ్మ, ఎగుడు, పొగ, డాక్టరు ఎక్కడో కొండ దిగువన అంటూ ఏకరువు పెట్టాడు. అన్నీ విని, నాకు నచ్చిందండీ అంది ఆవిడ. మెల్లగా, బతిమాలినట్టు ఇంకో మాట కూడా అంది.

"ఈ ఒక్కసారికి నా మాట వినండి. మీకు కూడా..."

ఆయన పూర్తి చెయ్యనివ్వలేదు.

"తిరిగి తిరిగి విసుగొచ్చి ఏదో ఒకటి అనేస్తున్నావు. నాకు తెలుసు. నిన్ను చేజేతులా చంపుకోడానికి తీసుకురమ్మంటావా ఈ ఊరికి?"

ఆవిడ ఆయన వంక కాసేపు చూసింది. మీకన్నీ తెలుసు అని, పక్కకు తిరిగి పడుకుంది. ఆ వారంలో మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మిగిలిన రెండు రోజులూ నడకకు మాత్రం వెళ్లింది.

వెనక్కి వచ్చిన మర్నాడే మేస్త్రీ రెండో ఊరి ఇంటివాళ్లకు ఫోన్ చేశాడు. ఆ ఇల్లు ఎవరో తీసేసుకున్నారు. అదే భవనంలో ఇంకోటి రెండు నెలల్లో ఖాళీ అవుతుందన్నారు. సరే అన్నాడు. ఆవిడకు చెబితే మీ ఇష్టం అంది. ముప్ఫై ఏళ్లలో ఆవిడ నోట అంత పొడి మాట విన్లేదు, అయినా తన పంతం నెగ్గిందన్న సంతోషంలో దాన్ని పట్టించుకోలేదు. సామాన్లు కట్టడం మొదలుపెట్టారు. ఆ ఏడు మంచు పదిహేను రోజులు ముందే పడింది. మొదటి వారంలోనే ఆవిడకి జ్వరం తగిలింది. జ్వరం ఛాతీలోకి దిగింది. మేస్త్రీ గదిలో గొట్టాలన్నీ కట్టేసి, నీళ్ల గిన్నెలు పెట్టి, తడి బట్టలు ఆరేసి, తెలిసిన విద్యలన్నీ చేశాడు. ఏదీ పని చెయ్యలేదు. ఆసుపత్రిలో పదకొండు రోజులుంది. పన్నెండో రోజు పొద్దున, ఆయన చెయ్యి ఆవిడ చేతిలో ఉండగానే పోయింది.

ఆ తర్వాత ఇరవై రెండు రోజులకు, పొద్దున పది గంటలప్పుడు ఇంట్లో ఫోన్ మోగింది. మేస్త్రీ వంటింట్లో ఆవిడ మందు సీసాలు ఆసుపత్రికి తిరిగిచ్చేందుకు ఒక సంచిలో వేస్తున్నాడు. కూతురు లోపలి గదిలో వాళ్లమ్మ బట్టలు మడతపెడుతోంది.

అవతలి గొంతు పెద్దవయసాయనది. తాను ఫలానా రేవు ఊళ్లో లాండ్రీ నడుపుతానని, మేడమ్‌తో మాట్లాడాలని అన్నాడు. నేను వాళ్లాయన్ని, చెప్పండి అన్నాడు మేస్త్రీ.

"మీరేనా! అసలు మీతోనే కదండీ నాకు పని. బాయిలరు మేస్త్రీ మీరే కదా. మా పాతాయన నెలాఖరుకు మానేస్తున్నాడు. మేడమ్ మంచు పడేలోపు వచ్చేస్తామన్నారు. వేరేవాళ్లొచ్చి అడుగుతున్నా మీకోసం అట్టేపెట్టి ఉంచాను."

మేస్త్రీకి ఏమీ అర్థం కాలేదు. ఏ పని, ఎవరితో మాట్లాడింది అని అడిగాడు. లాండ్రీ ఆయన మాటకారి. మొదలుపెట్టి ఆపకుండా చెప్పుకొచ్చాడు. మీ ఆవిడ ఆ వారంలో వీధి వీధినా బాయిలరున్న చోటల్లా అడిగారట. మా పైవీధిలో నాలుగు లాండ్రీలు, ఒక హోటలు అయ్యాక నా దగ్గరికొచ్చారు. ఆ ఎగుడెక్కి వచ్చి, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని పది నిమిషాలు మాట్లాడలేకపోయారు. నేను ఏదో సాయం కోసం వచ్చిందనుకున్నాను, క్షమించాలి. గాలి అందాక మొదలుపెట్టారు చూడండీ, మా బాయిలరు వయసెంత, ఎన్ని గంటలు నడుస్తుంది, ఎక్కడ ఇబ్బంది పెడుతోంది, పాతాయన ఎప్పుడు మానేస్తాడు, అన్నీ చీటీ రాసినట్టు అడిగారు. ఇంతకు ముందు చూసిన రెండు ఊళ్లలో ఒక్క బాయిలరు కూడా దొరకలేదని బాధపడ్డారు. మొత్తం మూడుసార్లు వచ్చారు. మీ చెయ్యి గొట్టానికి ఆనిస్తే చాలు, జబ్బేంటో తెలిసిపోతుందని చెప్పారు.

మేస్త్రీ గోడకు ఆనుకున్నాడు. పక్షుల గోల. కళ్లలో ఎండ.

"ఈ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. ఆ ప్రశ్న అవతలాయన్ని కాదు. అయినా జవాబొచ్చింది.

"నేనూ అదే అడిగానండీ, ఆయన్నే తీసుకురావచ్చుగా అని. ముందే చెబితే పని గిని ఏమీ వద్దు, నీకు ఏ ఊరు మంచిదైతే అదే అంటారు, హాయిగా కూర్చుంటానని అబద్ధమాడతారు అన్నారు. పని లేకపోతే ఆయన ఆర్నెల్లు బతకరు, నేనైతే ఎక్కడైనా సర్దుకుంటానన్నారు. ఊరు ఖాయమయ్యాక చెబుతానన్నారు. ఇంతకీ ఎలా ఉన్నారండీ మేడమ్? దమ్ము తగ్గిందా?"

మేస్త్రీ చెప్పాడు. పోయి ఇరవై రెండు రోజులైందని, జ్వరం వచ్చిందని, ఊరు మారేలోపే మంచు పడిందని. అవతల యంత్రాలు తిరుగుతున్న హోరు వినబడింది. లోపలి గదిలోంచి కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"అయ్యో," అన్నాడు లాండ్రీ ఆయన. "ఆ చివరి రోజు వచ్చినప్పుడు, ఆయన్ని ఇంకా ఒప్పించాలి, కాస్త టైమివ్వండి అన్నారు. ఒప్పుకుంటారులే అని నేనే ధైర్యం చెప్పి పంపాను."

"ఒప్పుకోలేదండీ," అన్నాడు మేస్త్రీ. ముప్ఫై ఒక్క ఏళ్లు నాలుగు వందల ఇళ్ల వాళ్లతో గట్టిగా మాట్లాడిన గొంతు, గుసగుసకన్నా చిన్నదైపోయింది. "ఇక్కడే ఉండిపోదామని ఎంతో ఆశగా అడిగింది. నేనే వద్దన్నాను. వచ్చేసి ఉంటే ఈ చలి తగిలేదే కాదు. అరిచాను కూడా."

మీకు తెలీదు కదండీ, మీరేం చేస్తారు అన్నాడు అవతలాయన, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తెలీకపోతే అడగొచ్చు కదండీ," అన్నాడు మేస్త్రీ. "ఆ ఊరే ఎందుకని ఒక్క మాట అడిగితే చెప్పేసేది. నేను అడగలేదు."

కూతురు వచ్చి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. మేస్త్రీ అక్కడే నేల మీద కూలబడి, చిన్నపిల్లాడిలా బిగ్గరగా ఏడ్చాడు.