ఏ పచ్చ?

అతన్ని తెలిసినవాళ్ళంతా జిరాక్స్ అనే పిలిచేవారు. పెళ్ళికి ముందునుంచీ ఆఫీసుల్లో జిరాక్స్ మిషన్లు బాగుచేయడం అతని పని. అది మానేసి, భార్యతో కలిసి, వేడుకల్లో అక్కడికక్కడే ఫొటోలు తీసిచ్చే ఫొటో బూత్ పెట్టుకున్నాక కూడా ఆ పేరు వదల్లేదు. భార్య మాత్రం ‘ఏవండీ’ అనేది. బాగా కోపం వస్తే ఆవిడ కూడా ‘జిరాక్స్‌గారూ’ అనేది.

ఆవిడ టైలరు. ఎవరైనా బట్ట ఇచ్చి దానికి తగ్గ దారం కావాలంటే, దాన్ని గుమ్మంలోకి తీసుకెళ్ళి పగటి వెలుతురులో ఒకసారి చూసేది. తిరిగొచ్చి డబ్బాలో చెయ్యి పెట్టి ఒకే ఒక్క ఉండ తీసేది. అది అచ్చం అదే రంగు అయ్యుండేది. ఇప్పటికీ బూత్ పనిలేని రోజుల్లో ఇంట్లో మిషను కుడుతుంది.

బూత్ పనిలో ఇద్దరికీ ఎవరి చోటు వారిది. తెర బయట, టోపీలూ అట్టమీసాలూ పేర్చిన బల్ల దగ్గర ఆమె. వచ్చినవాళ్ళని నవ్వించడం, నలుగురినీ దగ్గరగా నిలబెట్టడం ఆమె వంతు. తెర వెనక ప్రింటరు దగ్గర అతను. మొహమాటస్తుడు కాబట్టి ఆ మరుగు అతనికి బాగానే ఉండేది.

ఆ ప్రింటరులో సిరా ఉండదు. పలచటి రిబ్బను మీద పసుపు, గులాబీ, నీలం వరసగా ఉంటాయి, వాటి తర్వాత రంగులేని పొర ఒకటి. ఒక్కో పొరకీ ఒకసారి చొప్పున కాగితం లోపలికీ బయటికీ తిరుగుతుంది. వేడి తగిలి రిబ్బను మీది రంగు కాగితంలోకి దిగుతుంది. చివరి పొర పడ్డాక తడిచేత్తో పట్టుకున్నా ఫొటో చెదరదు. మొదటిసారి కాగితం తల బయటపెట్టగానే అయిపోయిందనుకుని లాగబోయేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. “ఆగండాగండి, అది ఇంకా స్నానం చేస్తోంది” అనేవాడు జిరాక్స్. అతనికి తెలిసిన హాస్యం అదొక్కటే.

పనిలో అతని చాదస్తం ఇంతా అంతా కాదు. బల్ల కాస్త ఊగినా ఫొటోలో అడ్డగీత పడుతుందని కాళ్ళకింద అట్టముక్కలు పెట్టేవాడు. దుమ్ము లేస్తుందని హాలు ఊడ్చేదాకా రిబ్బను పెట్టె మూత తీసేవాడు కాదు. ఎవరి బుగ్గమీదైనా ఆవగింజలో సగమంత తెల్లచుక్క పడితే, ఎదుటివాళ్ళు “ఏదీ, ఎక్కడా?” అంటున్నా వినకుండా, రోలరు తుడిచి మళ్ళీ తీసి ఇచ్చేవాడు.

అలాంటివాడి చేతిలోంచి ఒక శనివారం పొద్దున ఆకుపచ్చ మనుషులు బయటికొచ్చారు.

అది ఒక స్కూలు హాలు. హెడ్‌మిస్ట్రెస్ పదవీ విరమణ సభ. అలవాటైన కాగితం దొరక్కపోవడంతో జిరాక్స్ వేరే రకం తెచ్చాడు. పాత విద్యార్థులు, టీచర్లు బూత్ ముందు వరస కట్టారు. మొదటి ఫొటోలు అందుకున్నవాళ్ళు వాటిని చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మళ్ళీ ఫొటో చూసుకున్నారు.

“ఏంటండీ, అందరం పచ్చగా ఉన్నాం?” అని అడిగింది ఒక టీచరు.

జిరాక్స్ ఫొటో తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. “కొత్త కాగితం కదండీ. ఆరాక సర్దుకుంటుంది.”

బల్ల దగ్గరున్న భార్య ఆ మాట విని తలెత్తింది. ఆరడానికి ఇందులో ఏముంది? ఊదుకుంటూ ఫొటో పట్టుకెళ్ళేవాళ్ళని చూసి, “అది కాఫీ కాదండీ, ఊదక్కర్లేదు” అని తనకి నేర్పిందే ఆయన.

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ తల్లి, చక్రాల కుర్చీలో ఉన్న పెద్దావిడ, తన ఫొటో పట్టుకుని ముందుకొచ్చింది. “నాలుగు కాలాలపాటు పచ్చగా ఉండమని పొద్దుటినుంచీ అందరూ మా అమ్మాయిని దీవిస్తున్నారయ్యా. ఇంత తొందరగా ఫలిస్తుందనుకోలేదు.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జిరాక్స్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియనివాడిలా.

“నవ్వడం కాదు. ఏ పచ్చ ఇది, చెప్పు. పసుపుపచ్చా, ఆకుపచ్చా?”

“కొంచెం... పసుపేనండీ,” అన్నాడు.

పెద్దావిడ అతన్ని పరీక్షగా చూసింది. “నా కళ్ళజోడే పాతదనుకున్నా.”

భార్య ఆవిడ చేతిలోని ఫొటో అడిగి తీసుకుని హాలు గుమ్మం దగ్గరికి వెళ్ళింది. వెలుతురులో అది ఇంకా దారుణంగా ఉంది. పళ్ళు, తెల్ల చొక్కాలు, కళ్ళలో తెలుపుతో సహా అన్నీ లేత ఆకురంగు. ఆమె తిరిగొచ్చి, “ఒక్క పది నిమిషాలండీ, మిషనుకి విశ్రాంతి” అని వరసలో ఉన్నవాళ్ళకి చెప్పి, తెర వెనక్కి వెళ్ళింది.

కంప్యూటరు తెర మీద అదే ఫొటో ఉంది. అందులో పెద్దావిడ ముఖం మామూలుగానే ఉంది. ఆమె కాగితాన్ని దాని పక్కన పెట్టి పట్టుకుంది.

“ఏవండీ, ఈ రెంటికీ తేడా ఏంటి?”

అతను వంగి చూశాడు. “చుక్కల్లేవు. గీతల్లేవు. రెండూ ఒకటేగా?”

“ఈ కాగితం మీద ఆవిడ ముఖం ఏ రంగులో ఉంది?”

“ముఖం రంగులో.”

వేళాకోళమేమో అనుకుందామె. కానీ ఫొటో బాగోగుల విషయంలో ఆయన వేళాకోళమాడడు. ఫొటో పట్టుకున్న చెయ్యి దించింది. అతను ఖాళీ కాగితం పెట్టె మీద కూర్చున్నాడు.

“నాకు ఎరుపూ ఆకుపచ్చా సరిగ్గా తెలియవు,” అన్నాడు నెమ్మదిగా. “చిన్నప్పటినుంచీ అంతే. అందరూ నాలాగే అంచనా మీద చెప్తారనుకునేవాణ్ణి. రైలింజను డ్రైవరు ఉద్యోగానికి వెళ్తే చీకటిగదిలో కూర్చోబెట్టి దీపాలు చూపించారు. ఏది ఏ రంగో చెప్పమన్నారు. అప్పుడు తెలిసింది.”

“ఇంట్లో ఏం చెప్పారు?”

“రాతపరీక్ష పోయిందని. మా నాన్నకి అదే తేలిగ్గా అర్థమవుతుందని.” ప్రింటరు వైపు చూస్తూ, “జిరాక్స్ మిషన్లలో నలుపూ తెలుపే కదా. గొడవ లేదు. ఇక్కడ కూడా ఇన్నాళ్ళూ ఒకటే కాగితం, ఒకటే కొలత. దాన్ని కదపకుండా నెట్టుకొచ్చా,” అన్నాడు.

తెర అవతల ఎవరో పాట అందుకున్నారు. ఆమెకి ఇంట్లో బుట్టెడు టమాటాలు కళ్ళముందు కదిలాయి. పండువి తెమ్మంటే ప్రతిసారీ సగం పచ్చివే తెచ్చేవాడు. శ్రద్ధ లేదని ఎన్నిసార్లు సాధించిందో.

“అయితే ఆ టమాటాలు?”

“నొక్కి చూసి తెస్తా. షాపతను నొక్కనివ్వడు.”

నవ్వొచ్చింది గానీ, వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. “మరి నేను కొత్తవి కుట్టుకుని, వేసుకుని చూపించి, ఈ రంగు ఎలా ఉందీ అంటే బావుందనేవారే. అదంతా నోటిమాటేనా, జిరాక్స్‌గారూ?”

“కాదు,” అన్నాడతను, మొదటిసారి ఆమె ముఖంలోకి చూస్తూ. “ముదురూ లేతా నాకు బాగా తెలుస్తాయి. నీకు ముదురువి నప్పుతాయి. అవి వేసుకున్నప్పుడే బావుందన్నా. లేతవి వేసుకున్నప్పుడు ఏమన్నానో గుర్తుచేసుకో.”

ఆమె గుర్తుచేసుకుంది. లేతవి వేసుకున్నప్పుడు ఆయన ఎప్పుడూ ‘కుట్టు బాగా కుదిరింది’ అనేవాడు. కోపం తెచ్చుకుందామన్నా అది కుదురుగా నిలవలేదు.

“నాతో చెప్పుకోవాల్సింది,” అంది.

“రంగుల్లో ఆరితేరినదానివి. నీకెలా చెప్పను?”

ఆమె పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. “సరే, ఇప్పుడేం చేద్దాం?”

“నువ్వు కనపడింది చెప్పు. మిగతాది నేను చూసుకుంటా.”

“అంతా లేత ఆకుపచ్చ. తెల్లగా ఉండాల్సినవి కూడా.”

“తెలుపు కూడానా? అయితే గులాబీ సరిగ్గా దిగట్లేదు. ఆకుపచ్చని విరిచేది గులాబీయే.” అతని గొంతులో పనివాడి ఉషారు మళ్ళీ వచ్చింది. పెట్టె మీద అక్షరాలు చదివి, కంప్యూటరులో వెతికి, నాలిక కరుచుకున్నాడు. కాగితం మారింది గానీ మిషనుకి ఆ సంగతి చెప్పలేదు. అది పాత కాగితానికి సరిపోయే వేడినే ఇస్తోంది. కొత్తదానికి గులాబీ వంతులో ఇంకాస్త వేడి కావాలి.

మార్చి, ఒక ఫొటో తీశాడు. ఆమె గుమ్మందాకా వెళ్ళి చూసొచ్చింది.

“ఎండదెబ్బ తగిలినట్టున్నారు.”

తగ్గించాడు. ఇంకోటి తీశాడు. ఆమె మళ్ళీ గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

“ఫర్వాలేదు. కానీ పెద్దావిడ ఇప్పుడే ఏడ్చి వచ్చినట్టుంది. ముక్కు దగ్గర.”

ఇంకొంచెం తగ్గించాడు. ఈసారి ఆమె గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది. ఆ ఫొటో తనకి చూపించినప్పుడు, ముందుదానికీ దీనికీ ఏం మారిందో అతనికి తెలియలేదు. బిగుసుకున్న ఆమె భుజాలు కిందికి దిగడం మాత్రం చూశాడు.

ఏం జరిగిందో కనుక్కుందామని హెడ్‌మిస్ట్రెస్ తెర పక్కకి తొంగిచూసింది. భార్య ఏదో సర్దిచెప్పబోయేలోగా అతనే లేచాడు.

“మేడమ్, నాకు కొన్ని రంగులు తెలియవండీ. అందుకే కనిపెట్టలేకపోయా. పొద్దుటివన్నీ కంప్యూటరులో ఉన్నాయి. అందరికీ మళ్ళీ తీసి ఇస్తాం.”

బయటివాళ్ళతో ఆ మాట అనడం అతనికి అదే మొదలు. ఆమె ఆశ్చర్యపోతుందేమో అనుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ తలాడించింది.

“మా లెక్కల మాస్టారూ అంతే. ఎర్రసిరాతో దిద్దండి మాస్టారూ అంటే ఏ పెన్ను చేతికొస్తే దానితో దిద్దేవారు. లెక్క మాత్రం ఒక్కటీ తప్పు పోయేది కాదు,” అంది. “మా అమ్మ ఫొటో ముందు ఇచ్చెయ్యండి, లేకపోతే భోజనాలదాకా జోకులేస్తూనే ఉంటుంది.”

పెద్దావిడకి కొత్త ఫొటో ఇచ్చారు. అది తీసుకుని, పాతది కూడా అడిగి పుచ్చుకుంది. “ఇదీ ఉండనీ. నా చెల్లెలు నేను నల్లబడ్డానంటోంది, దానికి పంపిస్తా.” చాలామంది అలాగే రెండూ ఉంచుకున్నారు. ఒకరిద్దరు మాత్రం విసుక్కుంటూ ఆకుపచ్చవి బల్ల మీద పడేసి వెళ్ళారు. జిరాక్స్ వాటిని ఏరి సంచిలో వేసుకున్నాడు.

ఆ తర్వాత ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. ఆమె ప్రింటరు దగ్గర కూర్చుంటుంది. అతను టోపీల బల్ల దగ్గర నిలబడతాడు. మొదటి రోజు వాచ్‌మన్‌లా చేతులు కట్టుకుని నిలబడితే ఎవరూ దగ్గరికి రాలేదు. ఒక చిన్నపిల్ల వచ్చి, అట్టమీసం తీసి అతనికి పెట్టి, తను కూడా ఒకటి పెట్టుకుని, చెయ్యిపట్టి లోపలికి లాక్కెళ్ళింది. వరస అక్కణ్ణించి మొదలైంది. ఫొటో బయటికి రాగానే భార్య రంగు చూసేది. తర్వాత తెర సందులోంచి అతనికి అందించేది, చుక్కలూ గీతలూ చూడమని. ఆ విషయంలో ఆమె కళ్ళు అతని కాలిగోటికి కూడా సరిపోవు.

ఒకరోజు ఆమె అతన్ని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అతను గునిశాడు. “మందు లేదుగా దీనికి?”

“మందుకి కాదు. ఎంతవరకు తెలియదో నాకు తెలియాలి.”

డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచాడు. ప్రతి పేజీలోనూ చుక్కల మధ్య ఒక అంకె ఉంటుందట. ఆమెకి ఎనిమిది కనపడింది, ఆరు కనపడింది. అతను తల అడ్డంగా ఊపుతూ పోయాడు. ప్రతి ఊపుకీ ఆమెకి పాపం అనిపించింది, పైకి మాత్రం తెలియనివ్వలేదు.

ఇంకో పేజీ తిప్పారు. అందులో ఆమెకి ఏమీ కనపడలేదు. గుప్పెడు చుక్కలు వెదజల్లినట్టుందంతే.

“ఐదు,” అన్నాడతను.

ఆమె డాక్టరు వంక చూసింది. డాక్టరు నవ్వాడు. “ఇది ఆయనలాంటివాళ్ళకే కనపడుతుందమ్మా. మనకి కనపడదు.”

ఆమె పుస్తకం ఒళ్ళోకి తీసుకుని కిటికీ వైపు తిరిగింది. వెలుతురులో అటు వంచి, ఇటు వంచి చూసింది.

“ఎక్కడండీ?”

“ఇదిగో, ఇక్కణ్ణించి,” అని అతను చూపుడువేలు పేజీమీద ఆనించి నెమ్మదిగా గీశాడు. ఆమె ఆ వేలి వెనకే చూపు పోనిచ్చింది.

“ఇంకోసారి,” అంది.