దేవదానం కట్టిన ఉయ్యాల

కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించి దాని వణుకు చూస్తున్నాడు దేవదానం. మిషను ఒంట్లో బాగుందో లేదో చేత్తోనే తెలుస్తుందంటాడు. బందరు గిలకలదిండి హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో ఆపరేటరు. పొట్టి మనిషి, తెల్లమీసం, మోచేతుల దాకా గ్రీజు మరకలు. కుడిచేతి రెండు వేళ్ళకు గోళ్ళు సరిగా మొలవలేదు. నేవీలో పదిహేనేళ్ళు ఓడ ఇంజను గదిలో పనిచేశాడు. సముద్రాన్ని చూసింది తక్కువ, విన్నది ఎక్కువ అని నవ్వుతాడు.

బయట ఐసు ఎక్కించిన ట్రక్కు ఆటో మీద టార్పాలిన్ కప్పుతూ బోటు ఓనరు అంకమ్మరావు కేకేశాడు.

"నేవీ మావయ్యా! ఈ కొస కాస్త ముడేసి పెట్టవా?"

"నీ చేతులకేమైందిరా?" అన్నాడు దేవదానం, గుడ్డతో నూనె తుడుచుకుంటూ.

"ఇంతకీ నేవీలో వంట చేశావా ఏంటి?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ముడెయ్యడం రాని నేవీవాడనుకుంటే వాళ్ళు ఇంకేమీ అడగరు. ఆ మేరకు ఎగతాళి అతనికి మేలే చేసింది.

డెబ్భై ఏడు ఉప్పెన తర్వాత దేవదానం ముడి వెయ్యలేదు. పాతికేళ్ళు దాటింది. లేసులుండే బూట్లు మానేశాడు. బియ్యం సంచి మూతికైనా గేదె పలుపుకైనా భార్య సువర్ణ రావాల్సిందే.

ఆ నవంబరులో సెలవు మీద దివిసీమలోని సొంతూరికి వచ్చాడు. నీళ్ళు ఊరి మీద పడ్డప్పుడు ఆరేళ్ళ కూతురు విజయకుమారిని తాటిచెట్టుకు ఆనించి, నడుముకు తాడు చుట్టి, నేవీలో నేర్పిన ముడి వేశాడు. ఎంత గుంజినా జారని ముడి. పక్క చెట్టును తనూ సువర్ణా కరుచుకున్నారు. నీళ్ళు నడుము దాటవనుకున్నాడు. అవి పిల్ల గొంతు దాటాయి. మునిగి విప్పబోయాడు. తడిసిన తాడు బిగిసిపోయింది. గోళ్ళు ఊడాయి గానీ ముడి విడలేదు. తెల్లారి చూస్తే ఊళ్ళో ఏమీ లేదు, ఆ ముడి మాత్రం ఉంది. కొట్టుకుపోయిన పొరుగింటి పిల్ల ఎక్కడో తుమ్మపొదకు చిక్కుకుని బతికి వచ్చింది. ఆ సంగతి గుర్తొచ్చిన రోజు దేవదానానికి ఇప్పటికీ అన్నం సయించదు.

నేవీ నుంచి వచ్చాక ఏరికోరి ఈ మోత మధ్య ఉద్యోగం ఎందుకు చూసుకున్నాడో సువర్ణకొక్కదానికే తెలుసు. మిషను ఆగితే చాలు, "నాన్నా, ఇప్పెయ్యి" అని వినిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కాసేపు చూశాడు. ఇక అక్కడ ఉండలేక సైకిలెక్కి ఇంటికి వచ్చేశాడు.

ఇంట్లో పసిపాప గుక్కపట్టి ఏడుస్తోంది. ఉప్పెన తర్వాత పుట్టిన కూతురు సుమలత గుడివాడ అత్తారింటి నుంచి పురిటికి వచ్చింది. సాయంత్రం పాస్టరు గారు ప్రార్థన చేసి పాపను ఉయ్యాల్లో వెయ్యాలి. దూలానికి తాడు కట్టి చీర ఉయ్యాల వెయ్యడం సువర్ణ పని. పొద్దున చేపలు బాగుచేస్తుంటే జెల్ల ముల్లు గుచ్చుకుని ఆమె కుడిచేతి బొటనవేలు వాచిపోయింది.

"నాన్నా, మీరు కట్టొచ్చుగా?" అంది సుమలత. తనకో అక్క ఉండేదని ఆమెకు తెలుసు. ముడి సంగతి ఎవరూ చెప్పలేదు.

"ఆయన్ని అడక్కే. పక్కింటి ఇస్సాకన్నయ్యని పిలుస్తాలే," అంది సువర్ణ గబగబా.

దేవదానం పాపను చూశాడు. ఇస్సాకు కడితే ముడి జారిపోతుందేమో. తను కడితే ఎప్పటికీ విడదేమో. రెండూ భయమే.

"తాడియ్యి," అన్నాడు.

స్టూలెక్కాడు. వేళ్ళు ఏదీ మర్చిపోలేదు. పాత ముడే పడింది. విప్పేశాడు. మళ్ళీ అదే పడింది, మళ్ళీ విప్పాడు. చెమట కళ్ళల్లోకి కారింది. ఈసారి తాడును మధ్యకు మడిచి దూర్చి, కొసను కిందికి వదిలాడు. ఉయ్యాల్లో బియ్యం సంచి పెట్టి ఊపి చూశాడు. తాడు కదల్లేదు. దిగి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు.

ప్రార్థన అయ్యాక పాపను వేశారు. పాస్టరు గారు వెళ్ళిపోయారు. దేవదానం గోడకు చేరగిలబడి కాలితో ఊపుతున్నాడు. కరెంటు ఇంకా రాలేదు. ఇల్లంతా నిశ్శబ్దం.

"వినపడుతోందా?" అని మెల్లగా అడిగింది సువర్ణ.

"పాప ఊపిరి వినపడుతోంది," అన్నాడు.

ఆమె టీ పెట్టుకొచ్చేసరికి ఉయ్యాల ఆగి ఉంది. పాప నిద్రపోతోంది. దేవదానం తల పక్కకు వాలింది. పిలిచింది. కుదిపింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది, మనిషి లేడు.

కబురు విని అంకమ్మరావు పరుగెత్తుకొచ్చాడు. నడింట్లో పడుకోబెట్టాలంటే ఉయ్యాల అడ్డం. సుమలత పాపను ఎత్తుకుంది. అతను స్టూలెక్కి ముడి తడిమి చూశాడు.

"ఇట్టాంటి ముడి నేనెక్కడా చూళ్ళేదత్తా. ఎవరేశారు? కొయ్యాల్సిందే, కత్తియ్యి."

"మీ మావయ్యే వేశాడు. కత్తొద్దు," అంది సువర్ణ.

వేలాడుతున్న కొసను ఎడంచేత్తో పట్టుకుని ఒక్కసారి లాగింది. బియ్యం సంచి మోసిన ముడి ఇట్టే విడిపోయింది. అప్పటిదాకా కన్నీళ్ళు రాని సువర్ణ ఘొల్లుమంది.

"అప్పుడు తోచలేదు గదయ్యా నీకు! అప్పుడు తోచలేదు!"

ఆమె కాళ్ళ దగ్గర తాడు పడి ఉంది, పాప పడుకున్న వెచ్చదనం ఇంకా ఆరని చీరతో పాటు.