నర్సమ్మ ఇంటికాడే ఉండాది

మన ఊళ్ళలో నర్సు కావాలంటే నాలుగేళ్ళు చదవనక్కరలేదు. కుప్పం నర్సింగ్ కాలేజీలో సీటొచ్చిందని తెలిస్తే చాలు, ఆ సాయంత్రానికే పిల్ల నర్సమ్మ అయిపోతుంది. తేజస్విని సంగతీ అంతే. రెండో సంవత్సరం ఇంకా సగంలోనే ఉంది, అయినా ఊరికొస్తే బీపీ చూడమని ఒకరు, మోకాలి నొప్పికి మాత్ర చెప్పమని ఇంకొకరు. ఈసారి మాత్రం నర్సమ్మా అన్న పిలుపు వింటే చాలు, ఆమె ఇంట్లోకి తప్పుకుంటోంది. ఎందుకంటే ఆమె సెలవులకు రాలేదు. పారిపోయి వచ్చింది.

తల్లి ప్రమీలమ్మకు సెలవులనే చెప్పింది. నిజం చెప్పడానికి నోరు రాలేదు. కుప్పంలో వార్డు డ్యూటీ చేస్తుండగా ఆయాసంతో ఉన్న ఒక ముసలామె ఆమె చెయ్యి పట్టుకుని, "పోవద్దు తల్లీ, ఈడే ఉండు" అంది. ఆ కళ్ళలో తేజస్వినికి చావు కనబడింది. "ఇప్పుడే వస్తా అవ్వా" అని చెయ్యి విడిపించుకుని, దుప్పట్లు పెట్టే గదిలోకి పోయి తలుపేసుకుంది. తిరిగి వచ్చేసరికి ముసలామె పోయింది. వయసు, జబ్బు, ఎవరున్నా ఆగేది కాదన్నారు. ఎవరూ తేజస్విని తప్పనలేదు. కానీ ముఖం మీద గుడ్డ కప్పినా, ఆ చెయ్యి ఇంకా మంచం బయటికి చాచే ఉంది. అది చూసినప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. ఈ చదువు వద్దని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక, మింగలేక కక్కలేక తిరుగుతోంది.

ఆ పొద్దున వాకిట్లో ఉండగా పాపన్న తోట వైపు నుంచి కేకలు వినిపించాయి.

"నర్సమ్మ ఇంటికాడే ఉండాది, పిలవండ్రా!"

తేజస్విని కాళ్ళీడ్చుకుంటూ తోటలోకి పోయింది. పాపన్నది పక్కిల్లే, వరసకు పెద్దనాయన. టమాటాలు కోస్తుంటే నాగుపాము పాదం మీద కాటేసింది. గట్టు మీద కూర్చోబెట్టారు. చుట్టూ పదిమంది, పది సలహాలు. కొడుకు శివకుమార్ చేతిలో బ్లేడు.

"కోసి రక్తం పిండేస్తా. ఆమీట సదుం కాడ మంత్రమేసే ఆయప్ప దగ్గరికి ఎత్తకపోతాం. ఏం తేజూ, సరేనా?"

అందరూ ఆమె నోటికేసి చూశారు. తాను దూర సందు లేదు మెడకో డోలు అంటారే, అలా ఉంది ఆమె గతి. నర్సు పనే వద్దని పారిపోయి వచ్చిన పిల్లను పట్టుకుని ప్రాణం నిలబెట్టమంటున్నారు. నాకేమీ తెలియదని ఇంట్లోకి పోయి తలుపేసుకోవచ్చు. తలుపేసుకోవడం ఆమెకు కొత్త కాదు.

"బ్లేడు పారెయ్యన్నా," అంది. "కొయ్యొద్దు, తాడు కట్టొద్దు. పెద్దనాయన్ను నడిపించొద్దు. టమాటా మొక్కకు నిలబెట్టిన కట్టె ఒకటి పీకి, కాలు కదలకుండా ఆనించి కట్టండి. పుంగనూరు ఆసుపత్రికి పోదాం."

"ఆ మంత్రమాయన శానామందిని బతికించినాడమ్మా," అన్నారెవరో.

"ఆయప్ప కాడ విషానికి సూది లేదు. ఆసుపత్రిలో ఉండాది."

శివకుమార్ బ్లేడు కింద పడేశాడు. మిగతావాళ్ళు కట్టె పీకి కాలికి ఆనించి కట్టారు. వినకపోయినా బాగుండేదే అనిపించింది ఆమెకు. విన్నారు కాబట్టి, ఇక ఏం జరిగినా తన నెత్తి మీదికే వస్తుంది. పాపన్నకు ఏమైనా అయితే ఈ వీధిలో తలెత్తుకుని నడవగలదా?

పుంగనూరులో విషానికి విరుగుడు మందు ఎక్కించి, ఊపిరాడించే మిషను అవసరం పడొచ్చని అంబులెన్సులో మదనపల్లెకు పంపారు. శివకుమార్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక పాపన్న దగ్గర తేజస్విని, అంబులెన్సు ఉద్యోగి నాగేంద్ర. ఊరు దాటగానే పాపన్న రెప్పలు వాలిపోయాయి. ఎత్తాలని చూశాడు, చేతకాలేదు. చేత్తో తడుముకుని తేజస్విని చెయ్యి పట్టుకున్నాడు.

"పోవద్దు పాపా," అన్నాడు ముద్ద ముద్దగా.

అదే మాట. తేజస్విని అంబులెన్సు తలుపు కేసి చూసింది. నిజంగానే చూసింది. బండి ఆగి ఉంటే దిగి పరుగెత్తేదేమో.

ఇంతలో పాపన్న రొమ్ము కదలడం మానేసింది. నాగేంద్ర ఆయన ముక్కు, నోరు మూసేలా మాస్కు బిగించి, దానికున్న గాలి సంచిని తేజస్విని చేతిలో పెట్టాడు.

"నర్సింగే గదా నువ్వు సదివేది? మాస్కు నేను పట్టుకుంటా. నువ్వు సంచి నొక్కు. నువ్వు ఊపిరి యెట్ల తీస్తావో అట్ల."

నొక్కింది. రొమ్ము లేచింది, దిగింది. మళ్ళీ నొక్కింది. భయంతో ఆమె ఊపిరి పరుగెత్తుతోంది, దాంతోపాటే సంచీ పరుగెత్తింది.

"మెల్లిగా మా! నీ భయమంతా ఆయప్ప రొమ్ములోకి తోస్తాండావు."

తేజస్విని పళ్ళు బిగించింది. సంచి నెమ్మదించాలంటే ముందు తాను నెమ్మదించాలి. తాను ఒక ఊపిరి, ఆయనకు ఒక ఊపిరి. భయం పోలేదు, ఇసుమంతైనా పోలేదు. దాన్ని తన లోపలే పట్టి ఉంచింది, అంతే. గుంతలో బండి ఎగిరినప్పుడల్లా ప్రాణం పోయినంత పనైంది. చేతులు తిమ్మిరెక్కాయి. అయినా ఆపలేదు.

మదనపల్లె ఆసుపత్రిలో హన్నా అనే నర్సు ఎదురొచ్చి సంచి అందుకుంది. ఆమెకు తల సగం నెరిసింది.

"ఇంక నువ్వు బయటికి పో మా," అంది.

తేజస్విని పోలేదు. గోడకు ఆనుకుని నిలబడింది. పాపన్న గొంతులోకి గొట్టం వేశారు, మిషను పెట్టారు. మిషను కూసినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడింది. కాసేపటికి గమనించింది, హన్నా కూడా ఉలిక్కిపడుతోంది.

"మీకూ భయమేనా సిస్టర్?"

"ఇన్నేండ్లాయ, ఇప్పటికీ అది కూస్తే పేగులు కదుల్తాయి."

"మరి ఈ పని యాల చేస్తాండారు?"

"జీతానికే. అబద్ధమెందుకు?" హన్నా సెలైన్ సరిచేస్తూ నవ్వింది. "ఈయప్ప కండ్లు తెరిసేదాకా ఉండు. అప్పుడు మళ్ళీ అడుగు."

మర్నాడు పొద్దున పాపన్న రెప్పలు కదిలాయి. కళ్ళు సగం తెరిచి వెతికాడు, తేజస్విని కనబడితే ఆగాడు. డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సిన హన్నా అక్కడే నిలబడి, సరిగ్గానే ఉన్న దిండును రెండుసార్లు సర్దింది. నిద్ర లేని ఆ ముఖంలో సంతోషం దాచినా దాగలేదు. తేజస్విని మళ్ళీ అడగలేదు.

తలుపు దగ్గరికి వచ్చి తల్లికి ఫోన్ చేసింది.

"ఊరంతా నీ మాటే మా," అంది ప్రమీలమ్మ. "నర్సమ్మ బతికించిందంటాండారు."

"నాకు సెలవులు లేవు మా. నేను పారిపోయొచ్చినా." ముసలామె సంగతి, దుప్పట్ల గది, చాచిన చెయ్యి, అంతా చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది.

ప్రమీలమ్మ ఆమెను ఏడవనిచ్చింది. "అంత భయమైతే మానుకో మా. ఎవురేమనుకుంటే మనకేం? మీ నాయనకు నేను సెప్తాలే."

ఈ మాట వినాలనే ఆమె కుప్పం నుంచి పరుగెత్తి వచ్చింది.

"శానా భయంగా ఉండాది మా," అంది తేజస్విని. "పెద్దనాయన లేసి కూసుంటానే కుప్పం పోతా."

ఫోన్ పెట్టేసి లోపలికి తిరిగింది. పాపన్న చెయ్యి మంచం బయటికి చాచి ఉంది. గబగబా పోయి పట్టుకుంది.