రెండు ఎర్ర చుక్కలు

తెర వెలగకముందే కృపాదానం చూపుడువేళ్లతో కీబోర్డు తడుముకున్నాడు. గోళ్లరంగుతో పెట్టిన రెండు చుక్కలు వేళ్లకు తగిలాయి. ఒకటి పాస్ మీట, ఇంకొకటి ఫెయిల్ మీట. ఎవరూ లేని ఒక సెలవురోజు అతని భార్య రెజీనా ఆఫీసుకు వచ్చి పెట్టిపోయింది. ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చెబుదామనుకున్నాడు గానీ ఎవరూ అడగలేదు. యాభై దాటిన మనిషి మీటల మీద ఏం పూసుకుంటే ఎవరికి పట్టింది.

సూళ్లూరుపేట స్టేషను రోడ్డులో మందుల షాపు మీద ఉంది ఆ ఆఫీసు. అక్కడ అతని పని వెబ్‌సైట్ల తనిఖీ. చూపు తగ్గినవాళ్లు, చెవులు వినపడనివాళ్లు ఆ సైటును వాడుకోగలరా లేదా అని ఒక స్కానర్ ప్రోగ్రాం పేజీలన్నీ జల్లెడ పడుతుంది. చాలా తప్పులు అదే పట్టేస్తుంది. దానికి తేలనివి మాత్రం ‘మనిషి చూడాలి’ అని పక్కన పెడుతుంది. ఆ మనిషి కృపాదానం.

ఆ మాట చూస్తేనే అతనికి భయం. ఏడాదిగా చూపు అంచుల నుంచి మూసుకొస్తోంది. లేతరంగు మీద లేతరంగు ఉంటే రెండూ కలిసిపోతున్నాయి. వాళ్లమ్మకూ ఈ వయసులోనే మొదలైంది. ఆఖరి రోజుల్లో ఆమె తన వంటింట్లోనే గోడ పట్టుకుని నడిచింది. అందుకే అతను డాక్టరు దగ్గరకు పోలేదు. డాక్టరు దానికి ఒక పేరు పెడతాడు, పేరు పెట్టాక అది నిజమైపోతుంది. చర్చిలో వాక్యం చదివే వంతు వస్తే ముందురోజు రెజీనా చేత చదివించుకుని కంఠతా పట్టేవాడు. పుస్తకం వంక చూడకుండా చదువుతాడని సంఘమంతా మెచ్చుకునేది. ఆ మెప్పుకు అతనికి చెమటలు పట్టేవి.

ఈరోజు వచ్చింది పులికాట్ సరస్సులో పడవ షికారు బుక్ చేసుకునే సైటు. స్కానర్ ఒక ఫొటో దగ్గర ఆగింది. ఫొటో మీద అక్షరాలున్నాయి, రంగుల తేడా సరిపోతుందో లేదో మనిషి చూడాలి అంది.

కృపాదానం ముక్కు తగిలేంత దగ్గరగా వంగాడు. నీళ్లు, తెల్లకొంగలు. అక్షరాలు లేవు. ఫెయిల్ కొడితే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు. మాకు బాగానే కనపడుతోందే, మీకేమైంది అంటారు. ఆ ఒక్క ప్రశ్న రాకూడదనే ఏడాదిగా తనకు కనపడనివన్నీ పాస్ చేస్తూ వచ్చాడు. దీన్నీ పాస్ కొట్టాడు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, పక్కసీటులో ఉండే షమీమ్ ఎప్పుడూ లేనిది అతని రిపోర్టు తిరగేస్తూ ఆగింది.

“అన్నా, ఈ కొంగల ఫొటో పాస్ పెట్టినారే?”

“బాగానే ఉండాది కదమ్మా.”

“ఏం బాగు? తెల్లకొంగల మీద తెల్ల అక్షరాలు. కళ్లు చిట్లించి చూస్తే గానీ నాకే కనపళ్లేదు.”

“ఏం రాసుండారు?”

అడిగాక నాలుక కరుచుకున్నాడు. షమీమ్ అతని ముఖంలోకి చూసింది. మళ్లీ తెర వైపు తిరిగి మెల్లగా చదివి వినిపించింది.

“గాలి ఎక్కువగా ఉన్న రోజు పిల్లలను పడవ ఎక్కించరాదు.”

నాకు కనపడటం లేదని ఉన్నమాట చెప్పి ఉంటే అదే సరైన జవాబు అయ్యేది. చూపు తగ్గినవాడికి ఏది కనపడదో చెప్పడానికే కదా జీతం ఇస్తున్నారు. ఈ సైటు ఇంకా జనంలోకి పోలేదు. మరి పోయినవాటిలో ఏమేం రాసి ఉందో, ఎవరు చదవలేకపోయారో. ఇన్నాళ్లూ ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. దీని ముందు అది భయమే కాదనిపించింది.

“అమ్మా, నేను పాస్ పెట్టినవన్నీ మళ్లీ తీస్తా. నా పక్కన కూర్చుని చదివిపెడతావా? నాకు కనపడటంలేదు.”

షమీమ్ కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

నాలుగు రోజులకు ఆ పని ముగిశాక మేనేజరు సుశీల్ కుమార్ గదిలోకి వెళ్లి అంతా చెప్పాడు. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. “ముందు కళ్లు చూపించుకోండి. తర్వాత చూద్దాం,” అన్నాడు. ఆ ఆఫీసులో ‘తర్వాత చూద్దాం’ అనిపించుకుని మళ్లీ వచ్చినవాళ్లు లేరు.

టిఫిను క్యారియరు తీసుకుని మెట్లు దిగేటప్పుడు కృపాదానం మొదటిసారి, ఎవరు చూస్తున్నారన్న బెరుకు లేకుండా కమ్మీ పట్టుకున్నాడు.

“స్టేషను దాకా వస్తానన్నా,” అంది షమీమ్ పైనుంచి.

“వద్దులేమ్మా. ఇంకా వెలుతురుండాది.”

మర్నాడు ఆ సీటు ఖాళీగా ఉంది. షమీమ్ వెళ్లి కీబోర్డు మీద దుమ్ము తుడవబోయి చెయ్యి ఆపుకుంది. ఫెయిల్ మీట మీద చుక్క ఉబ్బెత్తుగా, ఈ పూటే పెట్టినట్టు మెరుస్తోంది. పాస్ మీట మీద చుక్క అరిగి అరిగి, వేలికి తగిలేంత గరుకు మాత్రం మిగిలింది.