మా ఆయన బొటనవేలు

ఏలూరు బజారులో మామిడి వర్తకుడు మొహిద్దీన్ అంటే మా ఆయనే. ఆయన బొటనవేలికి ఉన్న పరువు ఆయనకే లేదు. తొడిమ దగ్గర ఒక్క నొక్కు నొక్కి, ఆ కాయ ఎప్పుడు పండుతుందో చెప్పేవారు. మిగతా వర్తకులు కూడా కాయలు పట్టుకొచ్చి నొక్కించుకునేవారు. పంతొమ్మిది వందల ముప్పై నాలుగు వేసవిలో ఆ వేలితోనే నాకు ప్రాణం విసిగింది.

మా మెహరున్నీసాకు అది తొలి కానుపు. తాడేపల్లిగూడెంలో అత్తవారింటి నుంచి కబురు పెట్టింది: "నాన్నా, వానలు పడ్డాకే నన్ను పంపుతారట. ఒక్క రసం మామిడిపండు దాచండి." వానలు పడ్డాక రసాలెక్కడివి? అయినా దాచి తీరతానన్నారు ఈయన. పెళ్లయ్యాక పిల్ల నోరు తెరిచి అడిగింది అదొక్కటే మరి.

ఏదో ఒకటైనా వానలదాకా నిలవకపోతుందా అని, వెనక గదిలో రసాలకు వరిగడ్డి, బంగినపల్లికి వేపాకు, కలెక్టరు కాయలకు కొల్లేటి తుంగ పరిచారు. తొడిమలకు మైనం పెట్టారు. తుంగ తెచ్చిన బండివాడు సింహాచలం దాన్ని చేపల బుట్టలతో కలిపి తెచ్చాడు. ఆ వాసనకి వీధిలో పిల్లులన్నీ మా గుమ్మంలో కాపురం పెట్టాయి.

అదీ భరించాను. కానీ ఈయన పొద్దున లేవగానే వెళ్లి ఒక్కో కాయనూ నొక్కేవారు. అన్నం తిని నొక్కేవారు. పడుకోబోతూ మళ్లీ.

"ఏవండీ, కాయల్ని కాస్త బతకనివ్వండి" అన్నాను.

"నొక్కకపోతే మెత్తబడ్డదేదో ఎలా తెలుస్తుంది, సైదాబీ?"

"మీరు నొక్కబట్టే మెత్తబడుతున్నాయండీ!"

వింటేనా! ముందు రసాలు పోయాయి, తర్వాత బంగినపల్లి. చివరికి రాయిలాంటి కలెక్టరు కాయలూ సొట్టలు పడి కుళ్లాయి.

వానలు పడ్డాయి. మెహరున్నీసా జట్కా దిగి, బరువుగా నడుస్తూ తిన్నగా వెనక గదికే వెళ్లింది. ఉత్త గడ్డి. ఈయన గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డారు. "నా వల్ల కాలేదమ్మా" అన్నారు. నా కోపమంతా పోయి ఏడుపొచ్చింది.

నీళ్ల కుండల కింద తడి ఇసుకలో చెయ్యి పెట్టి ఒక రసం తీశాను. ఆఖరి కోతలో వచ్చిన కాయ, తెచ్చిన రోజే ఈయనకు కనబడకుండా పాతాను. తొక్క ముడతలు పడింది గాని ఎక్కడా చెడలేదు. నా తెలివేం లేదు, ఆ వేలికి అందలేదంతే.

ఈయన కళ్లు వెలిగాయి. "ఏదీ, ఇలా ఇవ్వు" అంటూ బొటనవేలు చాపారు.

మెహరున్నీసా పండు లాక్కుంది. "నాన్నా, మీరు చేతులు కట్టుకోండి!" అని, తొడిమ కొరికి పారేసి జుర్రుకోసాగింది.

ఈయన బుద్ధిగా చేతులు కట్టుకుని, కూతురి మోచేతిదాకా కారుతున్న రసాన్ని కళ్లనీళ్లతో చూస్తూ నిలబడ్డారు. ఆ బొటనవేలు మాత్రం తన మోచేతినే నొక్కి చూసుకుంటోంది.