దానిమ్మ గింజ రంగు

నేను చేసిన కత్తి విరిగి, ఆ ముక్క ఎవరి కంట్లోనో పడుతుందని నా భయం. అన్నిటికంటే పెద్ద భయం ఇదే. ఇంతకుముందు నా భయాలన్నీ మా పాప చుట్టూ తిరిగేవి. నిప్పురవ్వ మీద పడుతుందేమో, మేకు మింగుతుందేమో, రోడ్డు మీదికి పాకుతుందేమో అని. అవి ఇప్పుడూ ఉన్నాయి. వాటి మీద ఇది వచ్చి కూర్చుంది.

మేం చిక్కడపల్లిలో ఒక గల్లీ చివర కిరాయికి ఉంటాం. మా ఆయన అంజి అశోక్‌నగర్‌లో కడుతున్న అపార్ట్‌మెంట్‌లో సెంట్రింగ్ పని చేస్తాడు. పాప పుట్టకముందు నేనూ అక్కడే ఇటుకలు మోసేదాన్ని. పుట్టాక, దాన్ని కింద చీర ఉయ్యాలలో వేసి పైకి ఎక్కడం నా వల్ల కాలేదు. పైనుంచి ఆ ఉయ్యాల చేతిరుమాలంత కనిపించేది.

మా గది పక్కనే కమ్మరి ఈదయ్య తాత కొలిమి. ఆయనదీ మా మహబూబ్‌నగర్ జిల్లానే. కొలిమికి గాలి కొట్టే చక్రం తిప్పడానికి మనిషి కావాలన్నాడు. పాపను పక్కన పడుకోబెట్టుకుని తిప్పవచ్చు కదా అని ఒప్పుకున్నాను. చక్రం తిప్పే మనిషికి చేతులకే పని, కళ్లు ఖాళీ. చూసి చూసి, నేనూ ఒక కత్తి చేస్తానని అడిగాను.

"చెయ్యి. కాలితె మాత్రం నా మీద ఏడ్వకు," అన్నాడు తాత.

లారీ కమాను పట్టీ ముక్క ఒకటి ఇచ్చాడు. ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సుత్తెతో కొట్టాను. సాగుతోంది కదా అని ఇంకా కొట్టాను. మొన వెడల్పయింది, నడుము సన్నబడింది. తాతకు చూపు మందగించింది. దాన్ని ఎత్తి చూసి, బొటనవేలితో పొడుగునా తడిమాడు.

"ఇది కత్తి కాదు బిడ్డా, గరిటె. పప్పు కలపనీకి మంచిగుంటది."

ఆ తర్వాతది వంకర పోయింది. మరికొన్ని పాడయ్యాక ఒకటి కత్తిలా కనిపించింది. అయినా తాత బాగుందనలేదు. ఆయన పద్ధతి ఒకటుంది. పని నేర్చుకునేవాళ్లు చేసిన కత్తి ముందు నారాయణగూడ మార్కెట్లో కూరగాయలమ్మే సుబ్బులు దగ్గరికి పోవాలి. ఆమె కొన్నాళ్లు వాడి చెప్పాలి.

తీసుకెళ్లి చేతికి ఇవ్వబోయాను.

"కత్తి చేతికియ్యకే, కింద పెట్టు," అంది సుబ్బులు. "మనిద్దరికి లడాయి అయితది."

కింద పెడితే తీసుకుంది. మళ్లీ వెళ్లినప్పుడు అరచెయ్యి చూపించింది. ఎర్రగా గీత పడి ఉంది. "అంచు మంచిగనే ఉంది మంగా. పిడే నన్ను కొరుకుతంది. దానికి ఇంట్ల అన్నం పెడ్తలేవా?"

పిడి మూలలు ఆకురాయితో రాసి, నున్నగా చేసి, వార్నీషు వేసి ఇచ్చాను. "ఇప్పుడు జారుతంది. చేప అనుకున్నవా ఏంది?" అంది. వార్నీషు గీకేసి ఇచ్చాను. ఆ తర్వాత వెళితే ఏమీ అనలేదు. సొరకాయ కోస్తూ నా వైపు చూడనైనా లేదు. బాగుందని అర్థం చేసుకున్నాను.

అప్పుడు తాత నాకు అసలు పని అప్పగించాడు. కాలిన కత్తిని దానిమ్మ గింజ రంగులో ఉండగా నీళ్లలో ముంచాలి. రంగు చాలకపోతే అంచు మెత్తగా ఉండిపోతుంది. దాటి నారింజ రంగుకు పోతే కత్తి గాజులా పెళుసవుతుంది. ఆ రంగు తేడా నీడలోనే తెలుస్తుంది. అందుకని కొలిమి పాక ముందు గోనెపట్టా వేలాడుతూ ఉంటుంది. తాత పట్టకారుతో కత్తి పట్టుకునేవాడు. నేను చూసి చెప్పాలి.

"రంగు?"

"దానిమ్మ గింజ."

అంతే, ముంచేవాడు.

మామిడికాయల రోజులు వచ్చాయి. పాప పాకడం మొదలుపెట్టింది. ఆ చీకట్లో అది ఎటు పోయిందో కనిపించేది కాదు. నిప్పును చూస్తే పాపను చూడలేను, పాపను చూస్తే నిప్పును చూడలేను.

"తాతా, పట్టా జర ఎత్తి కడదామా? పాప కనవడ్తలేదు."

"కట్టు బిడ్డా. పిల్లకంటె ఎక్కువనా?"

ఎత్తి కట్టాను. ఎండ దాగలి దాకా వచ్చింది. పాప గడప దగ్గర గిన్నెమూతతో ఆడుకుంటూ నా కళ్ల ముందే ఉంది. ఆ పూట నిమ్మళంగా నిప్పును చూశాను, రంగు చెప్పాను. సుబ్బులుకు మామిడికాయలు కొట్టే పెద్ద కత్తి ఒకటి, మిగతావి చిన్న కత్తులు. అన్నిటికీ అంచు బాగా వచ్చింది. సాయంత్రానికే అమ్ముడుపోయాయి.

పెద్ద కత్తి గురించి సుబ్బులు ఏమంటుందో వినడానికి మర్నాడు పొద్దున్నే పాపను చంకనేసుకుని వెళ్లాను. అశోక్‌నగర్ నుంచి వచ్చిన నళినిగారికి ఆవకాయ ముక్కలు కొడుతోంది. కత్తి టెంక మీద పడింది. చప్పుడు వేరేగా వచ్చింది. చూస్తే అంచులో గోరంత ముక్క లేదు.

"ఎవ్వరు కదలకుర్రి," అంది సుబ్బులు.

"నా ముక్కల్ల పడ్డదా?" అన్నారు నళినిగారు.

"పడితె ఏమైతదమ్మా? ఇనుము రక్తానికి మంచిదంటరు."

"పరాచికాలాడకు సుబ్బులూ. ఇంట్ల చిన్నపిల్లలున్నరు."

కుప్పంతా గోనె మీద పోసి ముక్క ముక్క వెతికాం. దొరకలేదు. చివరికి నళినిగారే చూశారు. సుబ్బులు వెనకున్న గుంజలో, సరిగ్గా ఆమె చెవి ఎత్తున దిగి ఉంది. సుబ్బులు చెవి తడుముకుంది.

"కమ్మ తీస్కపోతుండె," అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

విరిగిన కత్తి తెచ్చి తాత ముందు పెట్టాను. విరిగిన చోట గోటితో గీశాడు.

"గల్లుప్పు లెక్క దొడ్డుగ ఉంది. మంచి ఉక్కు ఇరిగితె పిండి లెక్క సన్నగుంటది. నిన్న రంగు ఏం జెప్పినవ్?"

"దానిమ్మ గింజనే తాతా."

పైకి కట్టి ఉన్న పట్టా వైపు చూశాడు.

"నీకు గట్లనే కనవడ్డది. ఎండల నారింజ కూడ దానిమ్మ లెక్కనే కొడ్తది. నాకన్న యాదికి రాకపాయె." లేచి వెళ్లి తనే ముడి విప్పాడు.

ఆ రోజు ముంచిన కత్తుల కోసం ఇద్దరం బయలుదేరాం. టిఫిన్ సెంటర్ వాళ్లు ఇచ్చేశారు. పూలకొట్టు వాళ్లు గొణుక్కుంటూ ఇచ్చారు. తెచ్చినవి దాగలి మీద పెట్టి తాత సుత్తెతో కొడితే, ప్రతిదీ పుటుక్కున విరిగింది. అన్నిట్లోనూ అదే గల్లుప్పు.

ఇప్పుడు పట్టా దించే ఉంటుంది. పాప కాళ్లకు మువ్వలు కట్టాను. మువ్వల చప్పుడు దగ్గరలో వినిపిస్తున్నంతసేపూ నిప్పు చూస్తాను.

ఒక్క కత్తి మాత్రం దొరకలేదు. దాన్ని తీసుకున్న మనిషి పేరు ముత్యాలు. గంపలో కొబ్బరిముక్కలు పెట్టుకుని తిరుగుతూ అమ్ముతుంది. పెంకులోంచి కొబ్బరి పెకిలించడానికి మొన గట్టిగా ఉండాలని అడిగి మరీ తీసుకుంది. పెళుసు కత్తికి కొట్టడం కంటే పెకిలించడమే ప్రమాదం. మొన విరిగితే ఎగిరేది ముఖం మీదికే. రోజూ మధ్యాహ్నం పని అయ్యాక పాపను ఎత్తుకుని వెతుకుతున్నాను. విద్యానగర్ పోయాను, బాగ్ లింగంపల్లి పోయాను, సుల్తాన్ బజార్ కూడా చూశాను. "మొన్న సినిమాహాలు కాడ కనవడ్డది" అంటారు. వెళితే ఉండదు.

ఆమె పొట్టిగా ఉంటుంది. నుదుటి మీద పచ్చబొట్టు. గంప మీద తడిపిన ఎర్రగుడ్డ కప్పి ఉంటుంది. మీకెక్కడైనా కనిపిస్తే కొబ్బరి కొనకపోయినా ఒక్క నిమిషం ఆగండి. ముందు ఆమె కళ్లు రెండూ బాగున్నాయో లేదో చూడండి. ఆ కత్తి మళ్లీ పెంకులో పెట్టొద్దని చెప్పండి. చిక్కడపల్లిలో ఈదయ్య కొలిమి దగ్గర ఆమె కోసం వేరే కత్తి చేసి ఉంచామని చెప్పండి. ఆమె ఎట్లా ఉన్నా, నాకు కబురు చేయండి.