సెల్లార్‌లో రాతిగుట్టలు

డ్రైవర్ పెద్దన్న కదిరి డిపోలో బస్సు నడిపి రిటైరైనవాడు. భార్య పోయాక చందానగర్‌లో ఉన్న కూతురు శ్రీలత దగ్గరికి వచ్చాడు. వచ్చిన కొత్తలో కళ్లజోడు ఎక్కడ పెట్టాడో మరిచిపోయేవాడు. కొన్నాళ్లకు భార్య పోయిన సంగతి మరిచిపోయాడు. ఇప్పుడు తాను రిటైరైన సంగతే మరిచిపోయాడు. తెల్లారితే చాలు, బీరువా అంతా కెలికి, "పాపా, డ్యూటీకి టైమైతాంది. నా ఖాకీ చొక్కా యాడ పెట్టినావు?" అంటాడు. డాక్టరు దానికి డిమెన్షియా అని పేరు చెప్పాడు. ఇది తగ్గే జబ్బు కాదనీ, ముందు ముందు పెరిగేదేననీ కూడా చెప్పాడు.

శ్రీలత బొమ్మలు వేస్తుంది. పెళ్లి చేసుకోలేదు. రంగుల వాసన, ఒంటరితనం రెండూ ఆమెకు పడ్డాయి. చాలా ఏళ్లుగా ఆమె వేస్తున్నవి రాళ్లే. గచ్చిబౌలి, ఖాజాగూడ వైపు ఒకదాని మీద ఒకటి దొంతరగా నిలబడ్డ రాతిగుట్టలు. అద్దాల మేడల మధ్య ఇంకా మిగిలినవి కొన్ని, పేల్చేశాక ఆమె జ్ఞాపకంలోనే నిలిచినవి కొన్ని. గ్యాలరీల్లో ఆ బొమ్మల్ని మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు గానీ, పెద్ద పని ఎప్పుడూ చేతికి రాలేదు.

వచ్చింది. నానక్‌రాంగూడలో కొత్తగా తెరుస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫీసు హాల్లో, నేల నుంచి రెండో అంతస్తు దాకా లేచిన గోడ. దాన్నిండా ఆమె గుట్టలు కావాలని ఇంటీరియర్ డిజైనర్ ఆదర్శ్ అడిగాడు. శ్రీలత గోడ ముందు నిలబడి తల ఎత్తి చూసింది. మెడ నొప్పి పుట్టేదాకా చూసింది. ఇలాంటి గోడ కోసం ఆమె ఇరవై ఏళ్లుగా కాచుకుని ఉంది.

"మరి రోజూ ఇక్కడికొచ్చి వెయ్యాలి కదండీ?" అన్నాడు ఆదర్శ్.

"ఇక్కడ కాదు. ప్లైవుడ్ పలకల మీద మా ఇంటి దగ్గరే వేస్తాను. చివర్లో తెచ్చి గోడకు బిగిద్దాం. అతుకులు కనపడకుండా చేసే పూచీ నాది" అంది శ్రీలత.

రోజూ నానక్‌రాంగూడ రావడం కుదరదని ఆమెకు ముందే తెలుసు. నాయన్ను చూసుకోవడానికి పెట్టుకున్న ఆయాల్లో ఒకామె వారం తిరక్కుండానే మానేసింది. ఇంకొకామెను పెద్దన్న "నా బస్సులో టికెట్ లేకుండా ఎక్కినావు, దిగు" అని గుమ్మంలోంచి తోసేశాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, జనరేటర్ గది పక్కన, ఎవరికీ పనికిరాని మూల ఒకటి ఉంది. వాచ్‌మన్ ఎల్లయ్య అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి ఆ మూల ఇప్పించాడు. "గీడ గాలి తక్కువ మేడం. ఫ్యాను బెట్టుకోండ్రి. పెద్దాయన గేటు దాటకుంట నేను జూస్త, ఫికర్ జేయకుండ్రి" అన్నాడు.

అలా మొదలైంది. పొద్దున నాయనకు స్నానం చేయించి, ఉగ్గాని తినిపించి, చేయి పట్టుకుని కిందికి తెచ్చేది. కుర్చీలో కూర్చోబెట్టి పని మొదలుపెట్టేది. ఒక రాయి అంచు గీసేలోపు ఆయన లేచేవాడు. కూర్చోబెట్టేది. ఇంకో అంచు గీసేది. ఒక్కోరోజు గంట పని దొరికేది, ఒక్కోరోజు అదీ లేదు. అయినా పలకలు ఒక్కొక్కటే నిండాయి. సెల్లార్‌లోకి కార్లు దింపేవాళ్లు హెడ్‌లైట్ల వెలుగులో గుట్టల్ని చూసి, ఓ నిమిషం ఇంజన్ ఆపి నిలబడేవాళ్లు.

ఆ రోజు ఆదర్శ్ ఫోన్ చేశాడు. సెల్లార్‌లో సిగ్నల్ సరిగా రాదు. నాయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు కదా అని శ్రీలత ర్యాంప్ ఎక్కి గేటు దగ్గర నిలబడి మాట్లాడింది. బిగింపు గురించి, లైట్ల గురించి మాట సాగింది. దిగి వచ్చేసరికి పెద్దన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, బ్రష్‌లు కడిగే బకెట్ పక్కన పెట్టుకుని, కొబ్బరిపీచుతో పలకను తోముతున్నాడు. ఒక పలక అప్పటికే అయిపోయింది. పొద్దున వేసిన తడి రంగు బురదలా కారిపోయి ఉంది. కిందున్న ఎండిన పొర కూడా పీచు రాపిడికి గీతలు పడిపోయింది. రెండో పలక సగంలో ఉంది.

"నాయనా!" అని అరిచింది శ్రీలత. అంత గట్టిగా ఆమె ఏనాడూ అరవలేదు. సెల్లార్ అంతా మోగింది. "ఏం చేస్తాండావు? నీకేమన్నా మతుందా? అంతా పోయింది! నా పనంతా పోయింది!"

పెద్దన్న చేతిలోని పీచు జారిపోయింది. ఆయన వెనక్కి వెనక్కి నడిచి స్తంభానికి ఆనుకున్నాడు.

"బండి కడుగుతాండా మేడం. దుమ్ము పట్టిండాది. డిపో మేనేజర్‌కు చెప్పొద్దు మేడం. పిల్లలు గలవాణ్ణి" అన్నాడు, రెండు చేతులూ జోడించి.

దండం పెడుతున్నది ఆమెకే. ఏ పిల్లల్ని సాకడానికి ఆయన ఉద్యోగం పోగొట్టుకోలేడో, ఆ పిల్లల్లో ఆమె ఒకతె. దగ్గరికి వెళ్లి ఆ చేతుల్ని విడదీసింది. చున్నీతో తడి తుడిచింది.

"బాగా కడిగినావు. మేనేజర్‌కు ఏమీ చెప్పను. పా, పైకి పోయి అన్నం తిందాం" అంది.

ఆయన తిని పడుకున్నాక ఆమె వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. ఏడుపు అయ్యాక ముఖం కడుక్కుని రెండు ఫోన్లు చేసింది.

మొదటిది ఆదర్శ్‌కు. రెండు పలకలు పాడయ్యాయని, ఎందుకు పాడయ్యాయో కూడా దాచకుండా చెప్పింది.

"అయ్యో. మేడం, ఓపెనింగ్ డేట్ మారదండీ. మీకు అంత ఇబ్బందిగా ఉంటే వినైల్ షీటు మీద ప్రింట్ వేయించి గోడకు అంటించేస్తాం. మీరేమీ అనుకోకండి" అన్నాడు ఆదర్శ్.

"వదులుకుంటానని చెప్పడానికి ఫోన్ చెయ్యలేదు. మీకు తెలియాలని చేశాను. మీరు చెప్పిన రోజుకు గోడ మీద ఉంటుంది" అంది శ్రీలత.

రెండోది అన్న గిరీష్‌కు. గిరీష్ బాచుపల్లిలో ఉంటాడు, ఐటీ ఉద్యోగం. సాయంత్రానికి వచ్చాడు. సెల్లార్‌లో పలకల్ని చూశాడు. తర్వాత ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"నేను చెప్తానే ఉండా. కొన్నాళ్లు ఈ బొమ్మలు ఆపు. ఎట్లనూ ఇంట్లోనే ఉంటాండావు కదా, నాయన్ను చూసుకో. నీ ఖర్చు నేను చూసుకుంటా. లేదంటే ముసలోళ్ల హోమ్‌లో పెడదాం. మంచివి ఉండాయి."

"ఇంట్లో ఊరికే ఉండడం ల్యా అన్నా. ఇంట్లో పని చేస్తాండా. నువ్వు ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ ముందర చేసేదాన్ని పని అంటావు కదా, ఇదీ అంతే" అంది శ్రీలత.

"నాది ఆపడానికి కుదరదు కదమ్మా."

"నాదీ కుదరదు."

శ్రీలత గొంతు పెంచలేదు. అంతకు ముందే, ఏడుపు అయ్యాక, ఆమె అన్నీ ఆలోచించి పెట్టుకుంది.

"శుక్రవారం, శనివారం, ఆదివారం నాయన మీ ఇంట్లో ఉంటాడు. శుక్రవారం నీకు వర్క్ ఫ్రం హోమ్. మిగిలిన దినాలు నేను చూసుకుంటా. ఇది ఈ గోడ అయ్యేదాకా కాదు, ఎప్పటికీ."

"మీ వదినకు చెప్పాల. పిల్లలకు పరీక్షలు. నాయన నా మాట వినడు శ్రీ..."

"నా మాటా వినడు. నేనే ఆయన మాట వింటాండా. వదినకు నేను చెప్తాలే."

వదిన సుష్మతో మాట్లాడటం అనుకున్నంత కష్టం కాలేదు. సుష్మ, "చూసుకునేది మీయన్నేనా, నేనా? అది తేల్చి చెప్పు. సరేనంటా" అంది. చూసుకునేది గిరీషేనని తేలింది. నాయన లోపల గొళ్లెం వేసుకుని ఇరుక్కోకుండా బాత్రూం గొళ్లెం బయటివైపుకు మార్పించుకోవాలని, రాత్రి లైటు ఆర్పకూడదని శ్రీలత చెప్తుంటే, గిరీష్ పరీక్ష రాయబోయే పిల్లాడిలా విన్నాడు.

మిగిలిన నాలుగు రోజులకూ ఆమె ఇంకో ఏర్పాటు చేసింది. నాయనకు కడగడానికి బండి కావాలి, అంతే కదా. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన పాత మారుతి వ్యాను ఒకటి ఏళ్ల తరబడి కదలకుండా సెల్లార్‌లో పడి ఉంది. "ఎల్లయ్యా, ఆ వ్యాను సార్‌ను అడిగి పెడతావా? మా నాయన రోజూ కడుగుతాడు" అంది.

"గదేం పెద్ద ముచ్చట మేడం. గా సారు సంబురపడ్తడు" అన్నాడు ఎల్లయ్య.

మర్నాటి నుంచి పెద్దన్న వ్యానును కడగడం మొదలుపెట్టాడు. అద్దాలు, చక్రాలు, నంబర్ ప్లేటు, అన్నీ. తుడవడం అయ్యాక మళ్లీ మొదటి నుంచి. అలసిపోయి స్టీరింగ్ ముందు కూర్చుని హారన్ నొక్కేవాడు. అది మోగేది కాదు, ఆయనకు ఆ సంగతి పట్టేది కాదు. "ముదిగుబ్బ, ముదిగుబ్బ దిగేటోళ్లు రండప్పా!" అని కేకేసేవాడు. ఆ కేకల మధ్య శ్రీలత పాడైన పలకల్ని గీకి, రుద్ది, మళ్లీ తెల్లరంగు పూసి, మొదటి గీత దగ్గర నుంచి మొదలుపెట్టింది. పోయిన బొమ్మలాగే మళ్లీ రావాలని ప్రయత్నించలేదు. రెండోసారి చేతికి దారి తెలుసు కాబట్టి వేగంగా వచ్చింది. కొన్నిచోట్ల బాగా వచ్చింది, కొన్నిచోట్ల మొదటిదే బాగుండేది. దానికోసం ఆగి బాధపడే తీరిక లేదు.

పలకలు బిగించే రోజు శుక్రవారం. గిరీష్ ముందురోజు సాయంత్రమే నాయన్ను బాచుపల్లి తీసుకెళ్లాడు. శ్రీలత నానక్‌రాంగూడ హాల్లో పరంజా మీద నిలబడి, అతుకుల మీద రంగు కలుపుతోంది. కింద పనివాళ్లు ప్లాస్టిక్ కవర్లు లాగుతున్నారు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"శ్రీ, నువ్వు రా" అన్నాడు గిరీష్. గొంతులో భయం. "పొద్దున్నుంచి ఏమీ తినల్యా. తలుపు కొడతానే ఉండాడు. ప్లేటు ఇసిరేసినాడు. నన్ను ఎవురో అనుకుంటాండాడు. నువ్వొస్తే తింటాడేమో."

శ్రీలత కాలు ఒక మెట్టు దిగింది. అలవాటు కొద్దీ దిగింది. క్యాబ్ పట్టుకుంటే బాచుపల్లి చేరవచ్చు. వెళ్తే ఆయన తింటాడు కూడా. కానీ ఇప్పుడు దిగితే వచ్చే శుక్రవారమూ దిగాలి, ఆ పై శుక్రవారమూ దిగాలి. రంగు ఆరిపోతే అతుకు కనిపిస్తుంది. ఆమె దిగిన మెట్టు మళ్లీ ఎక్కింది.

"నేను రాను అన్నా. చెప్తా, విను. తినమని అడగొద్దు. 'కండక్టర్ తిన్నాడా?' అని ఆయనే అడుగుతాడు. తిన్నాడని చెప్పు. అన్నంలో పప్పు, నెయ్యి కలిపి ముద్ద చెయ్యి. నోట్లో పెట్టొద్దు, కోపమొస్తుంది. చేతిలో పెట్టు. పక్కన కూర్చుని నువ్వూ తిను."

"నాకు చేత కాదు శ్రీ."

"నాకూ మొదట్లో చేత కాల్యా. ఫోన్ పెట్టేస్తాండా."

పెట్టేసింది. బ్రష్‌ను మళ్లీ రంగులో ముంచింది. ఆగిన అతుకు దగ్గరే మొదలుపెట్టింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చెవి ఫోన్ మీదే ఉంది, కన్ను మాత్రం రాయి మీద ఉంది.

మళ్లీ ఫోన్ వచ్చేసరికి చివరి అతుకుకు వచ్చింది.

"తిన్నాడు" అన్నాడు గిరీష్. ఇంకేదో చెప్పబోయి ఆగాడు.

"ఏమైంది అన్నా?"

"తినేటప్పుడు 'ఎవురబ్బాయివి నాయనా?' అని అడిగినాడు."

"ఏం చెప్పినావు?"

"పెద్దన్న డ్రైవర్ కొడుకునని చెప్పినా. 'ఆయప్ప మంచోడు, నాకు బాగా తెలుసు' అన్నాడు."

అటువైపు గిరీష్ ముక్కు ఎగబీల్చడం వినిపించింది. అమ్మ పోయినప్పుడు కూడా అన్న ఏడవడం శ్రీలత వినలేదు.

"ఇన్ని దినాలు నువ్వు ఒక్కదానివే..." అన్నాడు గిరీష్. మాట పూర్తి కాలేదు. "ఆదివారం సాయంత్రం నేనే తెచ్చి దింపుతా. నువ్వు తొందరపడొద్దు. పని చూసుకో" అన్నాడు.

సాయంత్రం లైట్లు వేశారు. ఆదర్శ్ ఆ గోడ చివరి నుంచి ఈ చివరి దాకా నడిచి అతుకుల కోసం వెతికాడు. "ఏవండీ మేడం, పాడైన పలకలు ఏవి?" అన్నాడు. శ్రీలత నవ్వి, "నేను చెప్పను" అంది.

ఓపెనింగ్ అయిన మరుసటి వారం నాయన్ను అక్కడికి తీసుకెళ్లింది. పెద్దన్న తల ఎత్తి గోడ చూశాడు. ఏమైనా అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. "పాపా, బాత్రూం యాడుండాది?" అన్నాడు. బాత్రూం చూపించి, చేతులు కడిగించి తీసుకొచ్చింది.

జబ్బు పెరుగుతూనే ఉంది. ఈమధ్య చెంచా దేనికో కూడా కొన్నిసార్లు గుర్తుండటం లేదు. గిరీష్ ఒక్కో శుక్రవారం విసుక్కుంటాడు, కానీ మానలేదు. మొన్న గచ్చిబౌలి పక్కన రాయదుర్గంలో ఇంకో ఆఫీసు వాళ్లు గోడ చూపించడానికి శ్రీలతను పిలిచారు. ఆమె గోడ చూడకముందే తన షరతు చెప్పింది: "వారంలో మూడు రోజులు ఇక్కడికి వస్తాను. మిగతా నాలుగు రోజులు మా సెల్లార్‌లో వేస్తాను, మా నాయన నా పక్కనే ఉంటాడు. ఇది కుదిరితేనే గోడ చూపించండి."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఒకాయన లేచి, "రండి మేడం, గోడ ఇటు" అన్నాడు.